ఎస్వీఆర్ మీద రోజంతా సదస్సు, అమ్మని తీసుకుని వెళ్లొచ్చాను

ముందే చెప్పేస్తా. టికెట్ మనిషికి 300. మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగింటి దాకా జరిగిన ఒక్క సెషన్‌కే ఆ డబ్బులు చెల్లు. మిగతా రోజులో కొంత బాగుంది, కొంత ఓపిక పట్టాల్సి వచ్చింది. వచ్చే ఏడు కూడా చేస్తారట, వెళ్లాలా వద్దా అని అడిగితే మాత్రం కచ్చితంగా వెళ్లండి అంటాను, పాత సినిమా అంటే ఇష్టం ఉన్నవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లని కూడా తీసుకుని వెళ్లండి, కాకపోతే కొన్ని సంగతులు ముందే తెలుసుకుని వెళ్తే మీకు సుఖం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఎస్వీఆర్, అదే పాత తరం నటుడు ఎస్.వి. రంగారావు గారు, పుట్టింది 1918 జూలై 3, నూజివీడులో. పోయింది కూడా జూలైలోనే, 1974 జూలై 18న మద్రాసులో. అందుకని జూలై వచ్చిందంటే మా వైపు ఏదో ఒక ఊళ్లో ఏదో ఒక సభ ఉంటుంది. ఎక్కువ శాతం సాయంత్రం ఆరింటికి మొదలై దండేసి నాలుగు పాటలు పాడి ఎనిమిదిన్నరకి అయిపోయేవే. ఇది అలాంటిది కాదు, పొద్దున్న పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆయన నటన మీద మాత్రమే మాట్లాడతారు అని కార్డులో వేశారు, విజయవాడలో. మా అమ్మది నూజివీడు. "మా ఊరాయన" అని చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వాళ్ల ఇంటికీ మా అమ్మమ్మ వాళ్ల ఇంటికీ ఏ సంబంధమూ లేదు, ఊరొకటే అంతే, కానీ ఆ మాట అనేటప్పుడు అమ్మ మొహం చూడాలి. అందుకే రెండు టికెట్లు తీసుకున్నా.

హాలు రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ ఆరోజు పనిచెయ్యలేదు. ఇది నిర్వాహకులకి ముందురోజే తెలుసట. తెలిసినప్పుడు కార్డు పంపిన వాట్సాప్ గ్రూపులోనే ఒక ముక్క పెట్టి ఉంటే సరిపోయేది. వచ్చినవాళ్లలో సగానికి పైగా అరవై దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు. అమ్మ మూడుసార్లు ఆగి ఆగి ఎక్కింది. వాలంటీర్ పిల్లలు మాత్రం బంగారం లాంటి పిల్లలు, ఒకమ్మాయి కుర్చీ తెచ్చి మెట్ల మలుపులో వేసింది, మంచినీళ్లు ఇచ్చింది, "నెమ్మదిగా రండి మామ్మగారూ, ఇంకా మొదలవ్వలేదు" అంది. నిజంగానే మొదలవ్వలేదు, పదింటిది పదకొండుంబావుకి మొదలైంది.

పొద్దుటి భాగం గురించి తొందరగా చెప్పేస్తా. జ్యోతి వెలిగించారు, ఆరుగురికి శాలువాలు కప్పారు, ఎనిమిది మంది మాట్లాడారు. ఎనిమిది మందీ విశ్వనట చక్రవర్తి, నటసార్వభౌమ అన్న బిరుదులు పలికారు, ఎనిమిది మందీ ఆయనకి పద్మ అవార్డు ఇవ్వలేదని బాధపడ్డారు. ఆ బాధ నాకూ ఉంది, ఎవరికి ఉండదు, కానీ ఆ మనిషి ఏం చేశాడో చెప్పకుండా ఆయనకి ఏం ఇవ్వలేదో గంటసేపు చెప్తే విన్నవాళ్లకి మిగిలేదేంటి? ఒక వక్త అయితే మాయాబజార్‌లోని వివాహ భోజనంబు పాట రంగారావు గారే స్వయంగా పాడుకున్నారని స్టేజీ మీద గట్టిగా చెప్పేశారు. హాల్లో ఒక్కసారిగా గుసగుసలు. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, మర్యాదగానే, "అయ్యా అది మాధవపెద్ది సత్యం గారండి, ఆయన అదే సినిమాలో దారుకుడి వేషం కూడా వేశారు, తమిళ మాయాబజార్‌లో అయితే అదే పాట తిరుచ్చి లోకనాథన్ పాడారు" అని చెప్పి కూర్చున్నారు. చప్పట్లు ఆయనకే పడ్డాయి. అయినా ఆ పొరపాటు ఎందుకు జరుగుతుందో అర్థం చేసుకోగలం, ఆ గొంతు ఆ శరీరంలోంచే వస్తోందని ఇన్నేళ్లుగా అందరం నమ్ముతూనే ఉన్నాం కదా, అది పాడినాయన గొప్పా నటించినాయన గొప్పా అని నేనైతే విడదీయలేను.

తర్వాత జీవితం మీద ఒక గంట. చెప్పింది రిటైరైన లెక్చరర్ ఒకాయన, కాగితం చూడకుండా చెప్పారు, బాగా చెప్పారు. కాకినాడ పి.ఆర్. కాలేజీ రోజులు, యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలు, అంజలీదేవి, ఆదినారాయణరావు గార్లు కూడా ఆ క్లబ్బు స్టేజీ మీంచి వచ్చినవాళ్లే అన్నది, చదువయ్యాక ఫైర్ ఆఫీసర్ ఉద్యోగం, అది వదిలి వరూధినిలో ప్రవరాఖ్యుడి వేషం, ఆ సినిమా ఆడకపోవడం. నాకు ఇక్కడిదాకా కొంత తెలుసు. తెలిసిందే అయినా ఆయన ఆగి చెప్పిన తీరుకి గుచ్చుకున్న ముక్క ఏంటంటే, సినిమా పోయాక మనిషి జంషెడ్‌పూర్ వెళ్లిపోయి టాటా కంపెనీలో బడ్జెట్ అసిస్టెంట్‌గా చేరిపోయాడు. అంటే సినిమా అధ్యాయం మూసేసినట్టే. లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్న ఆ మనిషి ఇంకో మూడు నాలుగేళ్లలో పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు అవుతాడని ఆ ఆఫీసులో ఎవరైనా అనుకుని ఉంటారా? మళ్లీ మద్రాసు వచ్చాక చిన్న చిన్న వేషాలు, 1950లో షావుకారులో సున్నం రంగడు, అక్కడినుంచి 1951 మార్చిలో పాతాళభైరవి. అంతే, ఇక వెనక్కి చూసే పని లేకపోయింది.

ఆ సెషన్‌కి ఇంకో అరగంట ఇచ్చి ఉంటే ఎంత బావుండేది, శాలువాల దగ్గర పోయిన టైమంతా ఇక్కడ కోసేశారు. ఆయన చివర్లో బందరు గురించి ఏదో చెప్పబోతుంటే చీటీ ఇచ్చి ఆపేశారు, నాకు ప్రాణం ఉసూరుమంది.

భోజనం గురించి తప్పకుండా చెప్పాలి. టికెట్‌లోనే భోజనం. మెనూ అంతా ఆ వివాహ భోజనంబు పాటలోంచి తీసుకున్నారు, గారెలు, బూరెలు, అరిసెలు, లడ్డూ, అప్పడాలు, పులిహోర, దప్పళం, పాయసం. ఆలోచన ఎవరిదో కానీ చాలా ముచ్చటేసింది. ఆకు వేసి కూర్చోబెట్టి వడ్డించారు, బఫే కాదు. గారెలు వేడివేడిగా వచ్చాయి, పైన కరకర, లోపల మెత్తన, అల్లం ముక్క తగిలింది. దప్పళంలో గుమ్మడికాయ ముక్క, ములక్కాడ, చిలగడదుంప, బెల్లం పులుపు సమంగా పడ్డాయి, అమ్మ రెండోసారి అడిగి వేయించుకుంది, అమ్మ బయట ఎక్కడా రెండోసారి అడగదు. అరిసెలు మాత్రం గట్టిగా ఉన్నాయి, పళ్లు లేనివాళ్లు పక్కన పెట్టేశారు. పంక్తిలో నా పక్కన కూర్చున్న కుర్రాడు హైదరాబాద్ నుంచి వచ్చాడట, తను మాయాబజార్ మొదట చూసింది 2010లో రంగులేసి విడుదల చేసిన ప్రింటే అని చెప్పాడు, ఎదురుగా కూర్చున్న పెద్దాయన 1957లో వచ్చినప్పుడే చూశానన్నారు. ఇద్దరూ ఒకే పాట గురించి మాట్లాడుకుంటూ తిన్నారు.

ఇక అసలు సంగతి. రెండున్నరకి స్టేజీ మీదకి ముప్ఫై ఏళ్లు కూడా ఉండని ఒక అబ్బాయి వచ్చాడు, ఎడిటింగ్ పని చేస్తాడట. కుర్చీలు, దండలు, మైకు స్టాండు అన్నీ పక్కకి జరిపించాడు. లైట్లు తీయించాడు. "నేను మాట్లాడేది తక్కువ, చూద్దాం" అన్నాడు. నమస్కారం పెట్టాడు, మొదలుపెట్టాడు.

మొదట బొమ్మ లేకుండా గొంతు మాత్రం వినిపించాడు. చీకట్లో పాతాళభైరవి మాంత్రికుడి గొంతు. డింభకా అన్న ఒక్క మాట ఎంత దూరం లాగాడో, ఆ లాగుడులో ఎక్కడ ఊపిరి దాచుకున్నాడో బొమ్మ ఉన్నప్పుడు మనకి తెలీదు, బొమ్మ తీసేస్తే తెలుస్తుంది. మాట మొదట్లో గట్టిగా ఉండదు, చివర్లో గట్టిగా ఉండదు, నడుమ బరువు పెడతాడు. ఆ అబ్బాయి అది నాలుగుసార్లు వేశాడు. నాలుగోసారికి హాలంతా తనతో కలిసి అంది, ముందు వరసలో ఊతకర్ర పట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ అందరికంటే గట్టిగా అంది. అప్పుడు అడిగాడు, ఈ మాట అన్నప్పుడు రంగారావు గారి వయసెంత చెప్పండి అని. ఎవరో నలభై ఐదు అన్నారు, ఎవరో యాభై అన్నారు. 32 అన్నాడు. 1918 జూలై పుట్టుక, 1951 మార్చి సినిమా, లెక్కేసుకోండి.

ఈ వయసు లెక్కే ఆ గంటన్నర అంతా నడిచింది, నేను ఇన్నేళ్లు చూసి కూడా ఎప్పుడూ వెయ్యని లెక్క అది. మిస్సమ్మ 1955 సంక్రాంతికి వచ్చింది, అందులో తప్పిపోయిన కూతురి కోసం బెంగపడే జమీందారు, సావిత్రికీ జమునకీ తండ్రి, అప్పటికి ఆయనకి 36. గుండమ్మ కథ 1962 జూన్, అందులో ఎన్టీఆర్‌కీ ఏఎన్నార్‌కీ తండ్రి. ఎన్టీఆర్ 1923లో పుట్టారు, తండ్రికీ కొడుక్కీ మధ్య తేడా ఐదేళ్లు! మాయాబజార్‌లో అదే ఎన్టీఆర్ కృష్ణుడు, ఈయన మేనల్లుడి వరస. అందులో ఘటోత్కచుడి తల్లి హిడింబి ఎవరు, సూర్యకాంతం. ఆవిడ ఈయన కన్నా ఆరేళ్లు చిన్న. 1957లో "అమ్మా" అని ఆవిడ ముందు వినయంగా నిలబడినాయన, ఐదేళ్లు తిరిగేసరికి అదే ఆవిడ గుండమ్మగా ఉన్న ఇంటితో సంబంధం కలుపుకునే పెద్దమనిషి అవుతాడు. ఆ రెండు సీన్లూ తెర మీద పక్కపక్కనే పెట్టాడు ఆ అబ్బాయి. మాట్లాడలేదు. ఒకదాన్లో ఆవిడ ముందు ఈయన ఎంత చిన్నవాడిలా ఉన్నాడు, ఇంకోదాన్లో ఎంత పెద్దవాడిలా ఉన్నాడు, మనుషులు ఇద్దరూ వాళ్లే.

తెల్ల విగ్గు పెడితే ముసలితనం రాదు కదా. గొంతు ఒక మెట్టు దించడం, మాటకీ మాటకీ నడుమ ఆగడం, ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు వినడం. ఆ వినడం గురించి ప్రత్యేకంగా చెప్పాడు. మిస్సమ్మ సీనులో సౌండ్ తీసేసి ఈయన మొహం మాత్రం చూడమన్నాడు. ఎదుటివాళ్ల మాటలు మనకి వినపడవు, కానీ ఈయన మొహం చూస్తే వాళ్లు ఏ విషయం మాట్లాడుతున్నారో, ఎక్కడ మాట మారిందో తెలిసిపోతోంది. తన డైలాగ్ వచ్చే దాకా ఖాళీగా నిలబడే నటులు బోలెడు మంది ఉంటారు, ఈయన తన వంతు రాకముందే సీన్లో ఉంటాడు. నేను నోట్‌బుక్కులో రాసుకున్న వాక్యం ఇదొక్కటే, మిగతాదంతా చూస్తూ ఉండిపోయా.

తర్వాతది నా మటుకు నాకు ఆ రోజు మొత్తానికి గొప్ప సంగతి. ఎస్వీఆర్ నటన గురించి చెప్తానని చెప్పి సావిత్రి బొమ్మ వేశాడు. మాయాబజార్‌లో మాయా శశిరేఖ. అందరూ నవ్వారు. తను అన్నది ఏంటంటే, ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్నాడని ప్రేక్షకుడు నమ్మాలంటే సావిత్రి ముందు ఎస్వీఆర్‌ని చదువుకోవాలి, ఆయన ఎలా నిలబడతాడు, భుజం ఎలా విరుస్తాడు, నవ్వేముందు తల ఎలా ఎత్తుతాడు, ఇవన్నీ ఏరి పట్టుకోవాలి, కాబట్టి ఎస్వీఆర్ నటన మీద మనకున్న మొట్టమొదటి సమీక్ష ఈ సీన్లే, రాసింది సావిత్రి, అది కూడా ఒంటితో రాసింది అన్నాడు. హాలు ఒక్క క్షణం నిశ్శబ్దం అయిపోయింది. ఆ తర్వాత ఒక పక్క ఘటోత్కచుడు, ఒక పక్క అహ నా పెళ్లియంట పాటలో సావిత్రి, రెండూ ఆపుతూ ఆపుతూ చూపించాడు. సిగ్గుపడే ఆడపిల్ల ఒక్క అడుగులో రాక్షసుడైపోయి మళ్లీ ఎవరో వస్తున్నారనగానే ఆడపిల్లైపోతుంది. ఆ పాటలో సుశీల గొంతు నడుమ ఘంటసాల గొంతు వస్తుంది కదా, ఆ గొంతు మారే చోటే నడుము కూడా మారుతుంది. ఇరవై దాటిన అమ్మాయి ఆవిడ అప్పటికి. పెళ్లి పీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కే చోట రేలంగి అరుపుకి మేం నవ్వుతాం చిన్నప్పటి నుంచి, ఆరోజు మొదటిసారి ఆ తొక్కిన కాలు వెనక ఉన్న బరువు చూశా, ఆ బరువు ఎస్వీఆర్‌ది.

ఒక నటుడు ఎంత గట్టిగా ఒక పాత్రని కడితే అది ఇంకొకరి ఒంట్లోకి కూడా మారగలుగుతుంది అనేది నేను ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. దర్శకుడు కె.వి. రెడ్డి గారి పట్టుదల, పింగళి గారి మాటలు, మార్కస్ బార్ట్‌లే కెమెరా, పీతాంబరం గారి మేకప్ అన్నీ తోడయ్యాయి నిజమే. లడ్డూలు వాటంతటవే ఎగిరొచ్చి నోట్లో పడ్డ ట్రిక్ ఇప్పటికీ పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. కానీ ఆ లడ్డూ వస్తోందని చూసే కళ్లు కావాలి కదా, షూటింగులో అక్కడ లేని దాన్ని చూసి అంత ఆబగా నవ్వాలి. ఆ అబ్బాయి లడ్డూలని పక్కన పెట్టి ఆ కళ్లనే ఆపి చూపించాడు.

చివర్లో నర్తనశాల కీచకుడు. 1963 సినిమా, ఆ మరుసటి ఏడాది జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఈయనకి ఉత్తమ నటుడి బహుమతి తెచ్చిన పాత్ర, పొద్దున్న ఎనిమిది మందీ జకార్తా జకార్తా అన్నారు కానీ ఎందుకు ఇచ్చారో ఒక్కరూ చెప్పలేదు. ఇక్కడ చెప్పారు. సైరంధ్రి ముందు కీచకుడు ఉన్న సీన్లు తీసుకుని, ఈయన కంఠం పెంచిన చోట్లు, తగ్గించిన చోట్లు గుర్తు పెట్టి చూపించాడు. కేకలేసే చోటు కన్నా మెల్లగా మాట్లాడే చోటే ఎక్కువ భయం. అంత బలమున్న మనిషి, విరాటుడి కొలువునే శాసించేవాడు, ఒక ఆడమనిషి ముందు మెత్తగా నవ్వుతుంటే ఆ మెత్తదనమే వెన్నులో చలి పుట్టిస్తుంది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది అక్కడ.

ప్రశ్నలు అడగొచ్చు అన్నప్పుడు అమ్మ చెయ్యెత్తింది. నేను ఆశ్చర్యపోయా, అమ్మ పదిమందిలో మాట్లాడే మనిషి కాదు. మైకు తెచ్చి ఇచ్చారు. "నాయనా, నాకు తొమ్మిదేళ్లప్పుడు భక్త ప్రహ్లాద వచ్చింది, మా నూజివీడులో చూశాను, ఆ హిరణ్యకశిపుణ్ణి చూసి నాకు రెండు రోజులు జ్వరం వచ్చింది, మా నాన్నని చూసినా భయపడ్డాను. కానీ ఆయన కొడుకుని ఒళ్లో కూర్చోబెట్టుకునే చోటు ఉంటుంది చూడు, అది ఉందా నీ దగ్గర?" అని అడిగింది. ఆ అబ్బాయి లాప్‌టాప్‌లో వెతికాడు, మూడు నాలుగు నిమిషాలు పట్టింది, ఎవరూ లేవలేదు. దొరికింది.

1967 సంక్రాంతి సినిమా అది, ప్రహ్లాదుడు రోజారమణి, లీలావతి అంజలీదేవి. గురువుల దగ్గర చదువుకుని వచ్చిన కొడుకుని ఏం నేర్చుకున్నావు నాన్నా అని అడిగే చోటు. ఒంటినిండా నగలు, కిరీటం, ఆ పెద్ద మీసం, అంత ఆకారం, ఒళ్లో ఆ చిన్నది. పద్యం మొదలవుతుంది, పోతన గారి పద్యం. తండ్రి మొహంలో మొదట మురిపెం. నా కొడుకు ఎంత బాగా చెప్తున్నాడు అన్న మురిపెం. పద్యం ఎటు పోతోందో తెలిసే దాకా ఆ మురిపెం ఉంటుంది, తెలిశాక కూడా ఒక్క క్షణం ఉంటుంది, నేను విన్నది తప్పేమో అని ఆశపడే తండ్రి మొహం అది. అబ్బాయి అక్కడ పాజ్ చేశాడు. కోపం ఇంకా రాలేదు. అమ్మ నాతో మెల్లగా అంది, "చూశావురా, ఈ మొహం అప్పుడు నేను చూడలేదు, చిన్నదాన్ని, కోపం ఒక్కటే కనపడింది." హాల్లో కళ్లు తుడుచుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. నేనూ.

అక్కడితో ఆపేసినా నాకు చాలు, కానీ ఇంకా రెండు సెషన్లు ఉన్నాయి. చెన్నై నుంచి వచ్చినావిడ తమిళ సినిమాల్లో ఎస్వీఆర్ గురించి మాట్లాడారు. తమిళనాడులో ఆయన్ని వాళ్ల మనిషి అనే అనుకుంటారు, అక్కడా మూడక్షరాల పేరుతోనే పిలుస్తారు, నానుం ఒరు పెణ్, అన్నై లాంటి సినిమాల్లో తండ్రిగా, ఇంటి పెద్దగా ఆయన గుర్తుండిపోయారు, రాక్షసుడిగా కాదు. మనకి మాంత్రికుడూ కీచకుడూ ముందు గుర్తొస్తే వాళ్లకి తండ్రి ముందు గుర్తొస్తాడట. ఇది నాకు కొత్త విషయం. ఆవిడ తెలుగు కొంచెం తమిళం కలిసి వచ్చింది, వినడానికి ఏ ఇబ్బందీ లేదు, కానీ మైకు మూడుసార్లు ఆగిపోయింది, మూడోసారి ఆవిడ మైకు పక్కన పెట్టి గొంతెత్తి మాట్లాడారు.

దర్శకుడిగా ఆయన చేసిన చదరంగం, బాంధవ్యాలు మీద చివరి సెషన్. రెండింటికీ నంది వచ్చింది. ఇది ఇరవై నిమిషాల్లో చుట్టేశారు, అప్పటికే ఐదున్నర దాటింది. ఒక్క క్లిప్ కూడా చూపించలేదు. నటుడిగా అంత బరువు మోసిన మనిషి కెమెరా వెనక నిలబడి వేరేవాళ్ల చేత ఎలా చేయించాడు అన్నది చాలా ఆసక్తి ఉన్న విషయం, పూర్తిగా వృథా అయిపోయింది. దాసరి గారి మొదటి సినిమా తాతా మనవడు గురించి, బి.ఎన్. రెడ్డి గారి బంగారుపాప గురించి అయితే ఎవరూ ఎత్తనే లేదు. పసిపాప చేతిలోకి వచ్చాక కరిగిపోయే ఆ కోటయ్య లేకుండా ఎస్వీఆర్ సదస్సేంటి? ఆ పద్మ అవార్డు ప్రసంగాల్లో రెండు తగ్గించినా దానికి చోటు దొరికేది.

బయట వరండాలో ఫోటోల ఎగ్జిబిషన్ పెట్టారు, చిన్నదే కానీ శ్రద్ధగా చేశారు, ప్రతి ఫోటో కింద సినిమా పేరు, సంవత్సరం, పాత్ర పేరు. 2013లో సినిమాకి వందేళ్లు అయినప్పుడు పోస్టల్ శాఖ వేసిన స్టాంపుల్లో ఈయనది ఒకటుంది కదా, అది ఫ్రేము కట్టి పెట్టారు. బొబ్బిలి యుద్ధంలో తాండ్ర పాపారాయుడి స్టిల్ ముందు అందరూ సెల్ఫీలు తీసుకుంటుంటే అమ్మ మాత్రం గుండమ్మ కథ స్టిల్ ముందు నిలబడింది. పుస్తకాల స్టాల్‌లో ఎస్వీఆర్ రాసిన కథలు అడిగా, ఆయన పత్రికలకి కథలు రాసేవారన్నది చాలామందికి తెలీదు, స్టాక్ అయిపోయిందన్నారు.

నిర్వాహకులు చదువుతారని తెలుసు కాబట్టి ఒకటి సూటిగా చెప్తా. క్లిప్పులన్నీ ఆన్‌లైన్‌లో దొరికినవే వేశారు, మూలన ఏదో చానల్ లోగో, ఒకచోట కింద ప్రకటన పట్టీ కూడా వచ్చింది. ఆ అబ్బాయి తప్పు కాదు, తన దగ్గర అంతకన్నా మంచివి ఉండవు. కానీ 300 చొప్పున అంతమంది దగ్గర తీసుకున్నప్పుడు ఒకటి రెండు సినిమాలకైనా మంచి కాపీ తెచ్చి పెట్టాల్సింది. మొహం మీద నడిచే నటన గురించి మాట్లాడుతూ ఆ మొహం మసకగా చూపిస్తే ఎలా? సౌండ్ కూడా అంతే, చిన్న గొంతుతో చెప్పిన మాటల గురించి సెషన్ పెట్టి స్పీకర్లు గరగరమంటుంటే విన్నవాళ్ల సంగతి ఏంటి.

వెళ్లేవాళ్లు పొద్దున్న పదకొండున్నరకి చేరుకున్నా ఏమీ పోదు. హాలు ఎడమ పక్క కూర్చోండి, ఏసీ గాలి అక్కడే బాగా వస్తుంది, కుడి పక్క కిటికీల వెలుతురుకి తెర పాలిపోతుంది. పార్కింగ్ లేదు, ఆటోలో రండి. బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి, కానీ కింది అంతస్తులో ఉన్నాయి, పెద్దవాళ్లకి అది కష్టం. భోజనానికి మొదటి పంక్తిలోనే కూర్చోండి, మా వెనక పంక్తికి గారెలు అయిపోయాయి.

వచ్చే ఏడు రెండు రోజులు చేస్తామని, రెండో రోజంతా ఆ అబ్బాయికే ఇస్తామని స్టేజీ మీద ప్రకటించారు. తిరిగి వస్తుంటే బస్సులో హనుమాన్ జంక్షన్ దాకా అమ్మ ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ బంగారుపాప వేస్తాడేమో కనుక్కోరా, వేస్తే వెళ్దాం" అంది. నిర్వాహకుల నంబరుకి మెసేజ్ పెట్టా, బంగారుపాప గురించీ లిఫ్ట్ గురించీ రెండూ అడిగా. లిఫ్ట్ బాగు చేయిస్తున్నామని జవాబొచ్చింది, సినిమా సంగతి ఆ అబ్బాయిని అడిగి చెప్తామన్నారు.